లోకనాథం అమ్మేసిన లాప్‌టాప్

నేను ఒక లాప్‌టాప్‌ని. పాతదాన్నన్న మాట మీరు ఎలాగూ అంటారు గనక నేనే ముందు అనేస్తున్నాను. మూత తెరిస్తే కిర్రుమంటాను. మీటల మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి గోడకున్న తీగ పీకితే నాకు ఆ క్షణమే స్పృహ తప్పుతుంది. అయినా నన్ను చూసి అయ్యో పాపం అనకండి. మా బస్సు డిపోలో నాకున్న మర్యాద మేనేజరు గారి కుర్చీకి కూడా లేదు. ఎందుకో చెబుతాను, తీరిగ్గా వినండి.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఏదో దేశంలో, ఏదో ఫ్యాక్టరీలో, నాలాంటివి కొన్ని వేలు ఒకే రోజు పుట్టాయి. పేరు పెట్టే తీరిక ఎవరికీ లేక వీపు మీద ఒక నంబరు అంటించి పంపారు. మొదట హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ కొన్నది. అక్కడ నాలుగేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, మీటింగులకు వెళ్ళడం. సోమవారం మీటింగులో ఏం మాట్లాడాలో తేల్చుకోవడానికి శుక్రవారం ఒక మీటింగు ఉండేది. చివరికి కొత్తవి వచ్చాయని నన్నూ, నా తోటివాళ్ళు రెండు వందల మందినీ కట్టగట్టి ఒక సెకండ్ హ్యాండ్ దుకాణానికి అమ్మేశారు. ఆ దుకాణం వాడు నా దుమ్ము దులిపి "కండిషన్ సూపర్" అని చీటీ అంటించాడు. ఆ చీటీ నమ్మి నన్ను కొనుక్కుపోయినవాడు లోకనాథం.

లోకనాథానిది పడమటి ప్రకాశం జిల్లాలో పలకల గనులున్న ఒక ఊరు. బస్టాండు ఎదురుగా మేడ మీద గది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, పాన్ కార్డులు, జిరాక్స్ అని బోర్డు. మంచి మాటకారి. మెట్లెక్కి వచ్చిన మనిషి కూర్చునేలోపే అన్నా అనో అక్కా అనో వరస కలిపేసేవాడు. బస్సు డిపో వాళ్ళంటే అతనికి మరీ ప్రేమ. జులై వచ్చిందంటే డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులూ డిపోలో ఇచ్చిన ఫారం పదహారును, అంటే ఏడాది జీతమెంతో అందులో పన్ను ఎంత కోశారో చెప్పే కాగితాన్ని, కవర్లో పెట్టి తెచ్చి ఇతని బల్ల మీద పడేసేవాళ్ళు. ముందు పైసా ఇవ్వక్కర్లేదు. కోసుకున్న పన్నును ఇతను వెనక్కి తెప్పిస్తాడు, వచ్చినదాంట్లో అయిదో వంతు ఇతనిది. కాబట్టి వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే, ఎంతొస్తది అని. ఏం రాశావని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పొద్దున లేస్తే వెయ్యిమందిని టికెట్ టికెట్ అని అడిగే మనుషులు తమ రిటర్నుకు ఒక నకలు ఇమ్మని అడగరే! ఈ చోద్యాన్ని నేను మూడు జులైలు చూశాను.

రాసేది నా మీదే కదా, కాబట్టి ఏం రాసేవాడో నాకు తెలుసు. డిపోవాళ్ళు నలభై ముగ్గురి పేర్లతో ఒక పట్టిక తయారుచేశాడు. మొదటివాడు కట్టని ఇంటద్దె కట్టినట్టు, రెండోవాడు ఇవ్వని విరాళం ఇచ్చినట్టు, మూడోవాడి ఇంట్లో ఎవరో వికలాంగులు ఉన్నట్టు. నాలుగోవాడికి మళ్ళీ ఇంటద్దె. బంతిలో వడ్డించినట్టు అందరికీ వరసగా అబద్ధాలు వడ్డించాడు. అందరికీ ఒకటే పాస్‌వర్డు. అందరి ఖాతాల్లోనూ ఇతని ఫోన్ నంబరే. వాళ్ళ పేరు మీద ప్రభుత్వం ఏ కబురు పంపినా మోగేది ఇతని జేబులో. ఏం చేయను, నోరు లేని దాన్ని. ఎవరి వేళ్ళు ఏది కొడితే అది చూపించడం నా కర్మ. నమ్మితే నమ్మండి, నాకు సిగ్గేసేది.

నాలుగో వేసవిలో లోకనాథం కొత్త యంత్రం కొన్నాడు. నన్నేం చేయాలా అని చూస్తుంటే కండక్టరు కాశమ్మ కూతురికి పాలిటెక్నిక్ చదువు కోసం లాప్‌టాప్ కావాలని తెలిసింది. తొమ్మిది వేలకు బేరం కుదిరింది. ఇచ్చేముందు తన ఫైళ్ళన్నీ ఏరి నాలోని చెత్తబుట్టలో వేశాడు. బుట్ట మాత్రం ఖాళీ చేయలేదు. మనుషులకు ఇదొక అలవాటు, బుట్టలో పడేస్తే ప్రపంచంలోంచే పోయిందనుకుంటారు. ఆ రోజు నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే మీట నాకు పెట్టలేదు.

కాశమ్మకు నలభై నాలుగేళ్ళు. ఒంగోలు సర్వీసులో పదిహేడేళ్ళుగా కండక్టరు. ఆ పదిహేడేళ్ళలో తనిఖీవాళ్ళు ఎన్నిసార్లు బస్సెక్కినా ఆమె మీద ఒక్క కేసు రాయలేకపోయారు. సంచిలో ఒక రూపాయి తగ్గిందీ లేదు, ఎక్కువైందీ లేదు. ఆమెకు ఆస్తి అంటూ ఉంటే అదే. భర్త ఏడుకొండలు పలకల గనిలో రాయి మోస్తాడు. కూతురు సుభాషిణి నన్ను ఇంటికి తెచ్చిన మూడో రోజున, చోటు చాలడం లేదని నా చెత్తబుట్ట తెరిచింది. పట్టిక బయటపడింది. తల్లి పేరు కనిపించేసరికి పిల్ల గట్టిగా చదివింది. కాశమ్మ పేరు పక్కన, ఇంట్లో ఆధారపడిన వికలాంగుడు, భర్త, ఎనభై శాతం అని ఉంది.

సరిగ్గా అదే సమయానికి ఆ ఎనభై శాతం వికలాంగుడు నిండు గ్యాస్ సిలిండరును భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. సంగతి విని సిలిండరు దించి పడీపడీ నవ్వాడు. కాశమ్మ నవ్వలేదు. పోయినేడే మొదటిసారి లోకనాథం దగ్గరికి వెళ్తే పద్ధెనిమిది వేలు వెనక్కి వచ్చాయి. లోకనాథం వాటా పోను మిగిలిన దాంతో ఫ్రిజ్ కొన్నారు. ఆమె ఆ ఫ్రిజ్ వంక చూసింది. మన డబ్బే గదా మనకొచ్చింది, ఎవుడు చూడొచ్చాడు, వదిలెయ్యి అన్నాడు ఏడుకొండలు.

"పదిహేడేళ్ళు ఒక్క కేసు లేదయ్యా నా మీద. ఇప్పుడు నా పేరుతోనే నేను టికెట్ లేకుండా ప్రయాణం చేసినట్టు రాసుంది. అడక్కపోవడం నా తప్పే. దీన్ని నేనే దిద్దుకుంటా," అంది కాశమ్మ.

ఇంకెవరైనా అయితే లోకనాథం మీదకు పోట్లాటకు వెళ్ళేవాళ్ళు. ఈమె అలా చేయలేదు. ముందు మన లెక్క మనం ముగించి తర్వాతే మాట అనేది కండక్టర్ల పద్ధతి. ఈ ఏటి రిటర్ను తనే వేసుకోవాలి, పోయినేటి తప్పును తనే ఒప్పుకుని సరిదిద్దుకోవాలి. అలా దిద్దుకునే దారి ఉందని సుభాషిణి వెతికి చెప్పింది. మరి ఏ సాఫ్ట్‌వేరుతో చేయాలి? అక్కడ మొదలైంది నా అసలు సంబరం. పది రోజుల పాటు నా ఇంట్లోకి అద్దెకొస్తామని వచ్చిన సాఫ్ట్‌వేర్లను చూస్తే మీకు మతిపోతుంది.

లోకనాథం వదిలివెళ్ళినదొకటి అప్పటికే నాలో కాపురముంది. నూరు మంది రిటర్నులు ఒక్క ఊపులో వేసేస్తుంది. ఎవరెవరో దానికి అక్కర్లేదు, అందరినీ ఒక మూసలో పోసి తీస్తుంది. కాశమ్మ దాన్ని చూసిన వెంటనే తీసెయ్యమంది. తర్వాత ఆడిటర్లు వాడేది ఒకటి వచ్చింది. మర్యాదస్తురాలే, పని తెలిసినదే. కానీ వ్యాపారాలూ వాటాలూ విదేశీ ఆస్తులూ అంటూ అరవై పేజీల ప్రశ్నలు. ఒక్క జీతం తప్ప ఏమీ లేని మనిషికి అది పెళ్ళివంటల గుండిగలో గుప్పెడు బియ్యం వండుకున్నట్టే. అద్దె కూడా పెళ్ళి ఖర్చంత చెప్పింది.

మూడోదాని పేరు రిఫండ్ రాణి. అబ్బో, ఏం సింగారం! తెరంతా పూలు, చప్పట్లు. జీతమెంతో ఇంకా చెప్పనే లేదు, మీకు ఇరవై రెండు వేలు రావచ్చు అని తోరణాలు కట్టేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఉచితం, ఉచితం అంటూ లోపలికి పిలిచి, చివరి పేజీలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది కట్టమంది. సుభాషిణి నొచ్చుకుని, ఇంతదూరం నింపాం కదమ్మా, కట్టేద్దాం అంది. కాశమ్మ ఒప్పుకోలేదు. టికెట్ ధర ఎక్కేటప్పుడు చెప్పాలి గానీ దిగేటప్పుడు చెబితే ఊరుకుంటామా అంది.

ఆఖరిది ప్రభుత్వం వాళ్ళది. రూపాయి తీసుకోదు, ఖాతా తెరవకుండానే నింపి చూసుకోనిస్తుంది, పంపాలంటేనే ఖాతా కావాలి. కానీ సొగసు లేదు, చలాకీతనం లేదు. ఆవులించి ఆవులించి తెరుచుకుంటుంది. మనం టీ తాగి వచ్చేలోపు బయటకు నెట్టేసి మళ్ళీ మొదటి నుంచి రమ్మంటుంది. సుభాషిణికి అస్సలు నచ్చలేదు. నాకూ నచ్చలేదు, నా ఫ్యాను వేడెక్కిపోయింది.

అప్పుడు కాశమ్మ చేసిన పని నేను బతికున్నంతకాలం మరిచిపోను. తనిఖీవాళ్ళు కొత్త కండక్టరును పరీక్షించడానికి మామూలు మనుషుల్లా బస్సెక్కి, టికెట్ తీసుకోకుండా మెదలకుండా కూర్చుంటారు. అడుగుతాడా లేదా అని చూస్తారు. ఈమె సాఫ్ట్‌వేర్లకు అదే పరీక్ష పెట్టింది. పంపేది లేదు గానీ, నా మొగుడు వికలాంగుడని అన్నిట్లోనూ కొట్టి చూడమ్మా, ఏది అడుగుద్దో చూద్దాం అంది. రిఫండ్ రాణిలో కొడితే అది అభినందనలు చెప్పి ఇరవై రెండు వేలను నలభై ఎనిమిది చేసింది. ప్రభుత్వం వాళ్ళదాంట్లో కొడితే అది మెల్లగా ఆవులించి, వైకల్య ధ్రువపత్రం నంబరు ఎంత అని అడిగింది. ఖాళీగా వదిలి ముందుకు నడిపిస్తే ఎర్రగీత గీసి ఆపేసింది. లోకనాథం అక్కడ నోటికొచ్చిన అంకె కొట్టేవాడన్న సంగతి నాకు తెలుసు, అది వేరే కథ. కనీసం ఇది అడిగింది. కాశమ్మ ముఖం వికసించింది.

"ఇది మన మనిషే. మొండిదైనా టికెట్ అడిగింది. దీంతోనే చేద్దాం," అంది.

మర్నాడు ఆమెకు వారపు సెలవు. పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి నా ముందు కూర్చుంది. ఖాతా తెరవబోతే పాస్‌వర్డు తెలియదు, ఫోన్ నంబరు లోకనాథానిది. పదిహేడేళ్ళు ఉద్యోగం చేసిన మనిషికి తన పేరున్న తలుపు తాళంచెవి తన దగ్గర లేదు. ఆధార్ మీదుగా పోయే దారొకటి దొరికింది. కాసేపటికి ఆరంకెల ఓటీపీతో ఆమె ఫోనే మోగింది, ఆమె పేరు మీద, ఆమె చేతిలో. ఆ ఆరంకెలూ కూతురికి ఇవ్వకుండా తనే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టింది. పాస్‌వర్డు మార్చింది. నంబరు మార్చింది. తన ఖాతా తన చేతికొచ్చింది. నాలో రక్తం ఉంటే ఉరకలేసేదండి!

అయితే ఖాతా మారిందన్న కబురు పాత నంబరుకూ వెళ్ళింది. సాయంత్రానికల్లా లోకనాథం చెమటలు కక్కుకుంటూ గుమ్మంలో ఉన్నాడు. మొదట అక్కా అన్నాడు, బతిమాలాడు, పోయినేటి తన వాటా కూడా తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు మారింది.

"నువ్వొక్కదానివి తప్పు ఒప్పుకుంటే మిగతా నలభై ఇద్దర్నీ పట్టిచ్చినట్టేనక్కా. డిపోలో నీ మొహం ఎవరన్నా చూస్తారా? ఉద్యోగానికే ఎసరు తెచ్చుకుంటన్నావు," అన్నాడు.

అతను వెళ్ళాక కాశమ్మ ఆ పట్టిక మళ్ళీ తెరిపించి మిగతా నలభై రెండు పేర్లూ చదివింది. ఊరుకుంటే పేరు పోతుంది, ఒప్పుకుంటే తోటివాళ్ళు పోతారు. ఆమె ముందున్నది ఆ రెండే దారులు. మర్నాడు డిపోకు వెళ్ళి అందరికీ విషయం చెప్పింది, ఎవరి పేరు పక్కన ఏం రాసుందో ఎవరిది వాళ్ళకే విడిగా చూపించింది. కలిసి దిద్దుకుందాం రమ్మంది. ఒక్కరూ రాలేదు. లోకనాథం అప్పటికే అందరినీ కలిసి ఉన్నాడు. అందరికన్నా ఎక్కువ కోపం వచ్చింది మస్తాన్ వలికి. అతను ఆమె బస్సు డ్రైవరు. తొమ్మిదేళ్ళుగా ఒకే బస్సు, ఒకే టీ గ్లాసు. లోకనాథం అతనికి వడ్డించిన అబద్ధం ఇవ్వని విరాళం. అలా వెనక్కి వచ్చిన డబ్బుతో తమ్ముడి ఆపరేషన్ చేయించాడు. ఎక్కడినుంచి తెచ్చి కట్టను అని ఆమె మీద మండిపడి మాట మానేశాడు.

అయినా ఆమె ఆగలేదు. చీటీ పాడి ఎత్తిన డబ్బుతో పాత పన్ను, వడ్డీ, దాని మీద అదనంగా పడే పాతిక శాతం, మొత్తం ఇరవై నాలుగు వేల ఏడు వందల చిల్లర కట్టింది. పోయినేటి రిటర్ను సరిదిద్దింది. ఈ ఏటిది కొత్తగా నింపింది. ప్రతి పేజీ చివరా ఆగి, అంతకుముందు పేజీ అంకెతో సరిచూసుకుని, కాగితం మీద రాసుకుని, అప్పుడే తర్వాతి పేజీకి వెళ్ళింది. ఎప్పుడు తనిఖీ ఎక్కినా సిద్ధంగా ఉండాలని, ప్రతి స్టేజీ దగ్గరా టికెట్ల లెక్క ముగించే అలవాటు అది. ఆ నెమ్మదికి ప్రభుత్వం వాళ్ళ సాఫ్ట్‌వేరు కూడా ఆవులించడం మానేసింది. చివరికి పంపించు అన్న మీట మీద వేలు పెట్టి నొక్కింది. మీ రిటర్ను అందింది అని తెర మీద పడింది. కాశమ్మ ఏడ్చింది. ఏడుకొండలు ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆ తర్వాత మూడు నెలలు ఆమెకు నరకం. డిపో విశ్రాంతి గదిలోకి ఆమె వస్తే బల్ల ఖాళీ అయ్యేది. బస్సులో నూట యాభై కిలోమీటర్లు మస్తాన్ వలి ముందు సీట్లో, ఆమె వెనక, మధ్యలో మాట లేదు. ఇంటికి వచ్చి ఇవన్నీ కూతురికి చెప్పుకునేది. నేను బల్ల మీద కూర్చుని వినేదాన్ని.

అక్టోబరులో డిపోకు నలభై రెండు ఉత్తరాలు వచ్చాయి. మీ రిటర్నుల్లో రాసినవాటికి ఆధారాలు కనపడలేదు, గడువులోగా మీరే సరిదిద్దుకోండి, లేదంటే చర్య తప్పదు అని ఉంది వాటిలో. జనం లోకనాథం గదికి పరుగెత్తారు. తాళం వేసి ఉంది. బోర్డు కూడా లేదు. ఫోను ఎత్తలేదు. నాలుగు రోజుల తర్వాత పన్ను ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి విశ్రాంతి గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. ఎలా దిద్దుకోవాలో చూపించడానికి యంత్రం ఏదైనా ఉందా అన్నాడు. సుభాషిణి నన్ను చంకనేసుకుని వచ్చింది. నాకా వైభవం ఏనాడు రాసిపెట్టి ఉందో!

అధికారి జాబితా తిరగేసి, కాశమ్మ ఎవరు అన్నాడు. ఆమె లేచి నిలబడింది. ఎవరూ అడక్కముందే ఈవిడ అంతా సరిచేసి కట్టేశారు, ఈవిడ మీద మాకు ఏమీ లేదు అన్నాడు. పని చాలా శుభ్రంగా ఉందని, ఎవరి చేత చేయించారని అడిగాడు.

"నేనే చేసుకున్నా సార్," అంది కాశమ్మ.

నా మీద మూడేళ్ళు ఒక దొంగ రాత రాశారు. ఆ దిగులంతా ఆ మూడు మాటలతో దిగిపోయింది. ఆ సాయంత్రమే నాకు విశ్రాంతి గదిలో కిటికీ పక్కన చోటిచ్చారు, సుభాషిణికి అందరూ చందాలేసుకుని కొత్తది కొనిచ్చారు. మర్నాటి నుంచి నా ముందు వరస. కాశమ్మ డ్యూటీ దిగి వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరి తరఫునా ఒక్క అక్షరం తను కొట్టేది కాదు. నింపేదేదో మీ చేత్తో మీరే నింపండి, నేను పక్కనుంటా అనేది. గేర్లు మార్చిన చేతులు, గ్రీజు పట్టిన చేతులు, నా మీద తడబడుతూ నడిచాయి. ఒక్కొక్కరు ఒక రిటర్నుకు రెండు గంటలు తీసుకున్నారు. డబ్బు చాలని వాళ్ళకు డిపో సొసైటీలో అప్పు ఇప్పించింది కూడా ఆమే. మీట మీటకూ నొప్పి పుట్టింది గానీ, దేవుడి తోడు, అంత హాయి నేనెన్నడూ ఎరగను.

నలభై ఒక్క మందివి అయిపోయాయి. గడువుకు ముందు రోజు మధ్యాహ్నం మస్తాన్ వలి వచ్చాడు. కాశమ్మ వంక చూడకుండా కూర్చున్నాడు. ఒక్క వేలితో తన పేరు కొట్టాడు. విరాళం ఉన్న చోట సున్నా పెట్టాడు. కట్టాల్సింది కట్టాడు. ఇక మిగిలింది చివరి మీట ఒక్కటే. దాని మీద వేలు ఆనించి అలాగే ఉండిపోయాడు. గదిలో టీ తాగేవాళ్ళు గ్లాసులు దించారు. ఏమైంది మస్తానూ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి గదా, నొక్కు అన్నారెవరో.

మస్తాన్ వలి తల తిప్పలేదు. తొమ్మిదేళ్ళుగా బస్సు అద్దంలో చూసి మాట్లాడినట్టే, నా తెరలో కనపడుతున్న కాశమ్మ నీడను చూస్తూ అన్నాడు.

"నువ్వు చెప్పందే నేనెప్పుడన్నా కదిలించానా కాశమ్మా? చెప్పు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఒంగోలు బస్టాండు మొత్తం వినపడేంత గట్టిగా, "రైట్, రైట్!" అంది.

మస్తాన్ వలి నొక్కాడు.